సూరతు తీర్మానములయందలి పాఠభేదములు : మితవాదాతివాద విమర్శము

1907 డిసెంబరు 27 వ తేదిని సూరతు నగరమునఁ గాంగ్రెసు మహాసభ భగ్నమైన వృత్తాంతము సుప్రసిద్ధము. వేదికపైకి విసరఁబడిన చెప్పు సురేంద్రనాథ బెనర్జీకిని ఫిరోజిషా మెహతాకును దగులుటయు, కుర్చీలు గాలిలోఁ దేలుటయు, తుదకుఁ బోలీసులు వచ్చి మండపమును ఖాళీ చేయించుటయు నెల్లరు నెఱిఁగినవే. ఆ చెప్పును గూర్చి జనులు చెప్పుకొనునంతగా, దానికి ముందు దినమున ప్రతినిధుల చేతులలోఁ బడిన యొక పత్రమును గూర్చి చెప్పుకొనరు. ఆ పత్రము తీర్మానముల చిత్తుప్రతి. అందుఁ గొన్ని పదములు లోపించెననియుఁ గొన్ని మాఱెననియుఁ బుట్టిన వివాదమే కలహాగ్నికి సమిధ యయ్యెను. పాఠభేదములను బరిశీలించుట మన పండితులకుఁ బరంపరాగతమైన విద్య గనుక, ఈ విషయమును రాజకీయజ్ఞులకే విడిచిపెట్టక మనమును విచారింపఁ దగును.

ఒక రాజకీయపక్షమున మార్పును మెల్లమెల్లగాఁ దేఁగోరువారును, దానిని దూకుడుతోఁ ద్వరపెట్టువారును గలసియుండుట యెల్లకాలములందును గలదు. ఈ వేగభేద మొక్కటే సంస్థను జీల్చదు. ఇరువురును గలసి నిలిచియున్న వాక్యమును ఒకరు రెండవవారికిఁ దెలుపక మార్చినపుడును, ఆ మార్పును బ్రశ్నించుటకు సభయందుఁ జోటు దొరకనపుడును సంస్థ చీలును. ఇదియే యీ వ్యాసమునఁ బ్రతిపాదింపఁబడు నంశము.

ముందుగా నామములను విచారింతము. మితవాది, అతివాది యనునవి యాంగ్లపత్రికలు వాడిన రెండు పదములకు మనవారు గ్రహించిన సంస్కృతపదములు. సంస్కృతపదము ఎక్కడికి వచ్చినను దన పూర్వచరిత్రమును వెంటఁబెట్టుకొనియే వచ్చును. మితమనఁగాఁ గొలువఁబడినది. మితభాషిత్వమును వాగ్మికి గుణముగాఁ గవులు ప్రశంసించిరి. కావున మితవాది యనఁగనే మన చెవికి గౌరవము తోఁచును. అతివాదమో, మనుస్మృతియందు యతి యోర్చుకొనవలసిన పరుషవాక్కు. ముండకోపనిషత్తు బ్రహ్మవిదుఁడు అతివాది కాఁడని చెప్పును. ఇంతవఱకే చూచినచో నతివాదిశబ్దము నిందయే. కాని ఛాందోగ్యము ఏడవ ప్రపాఠకమున సనత్కుమారుఁడు నారదున కుపదేశించుచు, సత్యము నాశ్రయించి తక్కిన వాదముల నతిక్రమించువాఁడే నిజమైన యతివాది యనియు, అట్టివానిని ఎవరైన నతివాది వనినచో దాఁచక యొప్పుకొనవలయు ననియుఁ జెప్పెను. ఒకే శబ్దము శ్రుతియందే నిందగాను స్తుతిగాను బ్రయుక్తమైనది. కనుక నామమాత్రమును బట్టి యొక పక్షమునకు వివేకమును, మఱియొక పక్షమునకు దుడుకును అంటఁగట్టుట శాస్త్రీయము గాదు. బాలగంగాధర తిలకు 1907 జనవరి 2 వ తేదిని కలకత్తాలో నుపన్యసించుచు, ఈ నామములు కాలమును బట్టి మాఱుననియు, నిన్నటి యతివాదులే నేఁటి మితవాదు లనియు, నేఁటి యతివాదులు రేపటి మితవాదు లగుదురనియు నభిప్రాయపడెను. ఇది యాతని ప్రత్యర్థులును గ్రహింపఁదగిన మాట.

ఇఁక నుభయుల భేద మేది? గమ్యమునఁ గనఁబడు భేదము కొలఁదియే. గోపాలకృష్ణ గోఖలే 1905 లోఁ గాశీ కాంగ్రెసున కధ్యక్షత వహించి, స్వపరిపాలనము గల వలసరాజ్యములందలి ప్రభుత్వమువంటిది కాలక్రమమున భారతదేశమునకును రావలయునని చెప్పెను. 1906 లోఁ గలకత్తా సభాధ్యక్షుఁడు దాదాభాయి నౌరోజీ స్వరాజ్యశబ్దమును ఆ పీఠమునుండి యుచ్చరించెను. అరవింద ఘోషు, బిపినచంద్ర పాలు మొదలగువారు పూర్ణస్వాతంత్ర్యమును బేర్కొనుచుండినను, తిలకు సభలోఁ బట్టుపట్టినది నౌరోజీ మాటకు దూరమైనది కాదు. భేదమంతయు సాధనమునఁ గలదు. విజ్ఞాపనములు, శాసనసభలలో వాదము, ఏలువారి న్యాయబుద్ధిని మేల్కొలుపుట, ప్రజలకు విద్య గఱపుట యివి గోఖలే మార్గము. ఆ మార్గమునఁ బనిచేయువారికై యతఁడు 1905 లోఁ బూనాయందు భారతసేవకసంఘమును స్థాపించెను. ఏలువారి యంత్రము మన సహాయముచేతనే తిరుగుచున్నది గాన, ఆ సహాయమును మనము మానుటయే మనకుఁ గల బలమని తిలకు మతము. ఇరువురును బూనావారే, ఇరువురును దక్కను విద్యాసంఘమునఁ బనిచేసినవారే. తిలకు 1890 లో దానిని విడిచెను. గోఖలే 1902 వఱకు ఫెర్గుసన్ కళాశాలలో బోధించెను. ఇట్టివారిలో నొకరి దేశభక్తిని మఱియొకరికంటెఁ దక్కువగాఁ దూఁచుట విమర్శ యనిపించుకొనదు.

ఇట్టి రెండు మార్గములవారు 1906 కలకత్తా సభలో నొక్కచోటఁ గూర్చుండి తీర్మానము లంగీకరించిరి. స్వపరిపాలనము, స్వదేశి, బహిష్కారము, జాతీయవిద్య యను నాలుగును నాఁడు ప్రధానములు. వీనిలో బహిష్కార తీర్మానము విమర్శకునకు మిక్కిలి రుచికరమైనది. వంగవిభజనమునకు నిరసనముగా వంగదేశమున నారంభమైన బహిష్కారోద్యమము న్యాయ్యమని దాని తాత్పర్యము. ఇందు ఉద్యమశబ్దమునకు బిపినచంద్ర పాలు విశాలమైన యర్థము చెప్పెను. ఉద్యమమనఁగాఁ గదలునది, కదలునది యొక మండలమున నాఁగదు, సరకుల బహిష్కారముతోఁ దీరిపోదు అని యాతని వ్యాఖ్య. మదనమోహన మాలవీయ మొదలగువారు దీని నంగీకరింపక, వంగదేశమువారి యుద్యమము వంగదేశమునకు న్యాయ్యమని మాత్రమే సభ చెప్పినదనిరి. ఒకే సభలో, ఒకే దినమున, ఒకే వాక్యమునకు రెండు వ్యాఖ్యలు పుట్టినవి. ఐనను సభ చీలలేదు.

దీనికిఁ గారణ మాంధ్రపాఠకులకు సుబోధము. పింగళి సూరన రాఘవపాండవీయమున నొకే పద్యము రామకథగాను భారతకథగాను నడచును. రామకథను జదువువానికి భారతకథ యడ్డుపడదు. భారతకథను జదువువాఁడు రామకథను ద్రోసివేయఁడు. కలకత్తా తీర్మానము రాజకీయమునఁ బుట్టిన ద్వ్యర్థివాక్యము. మెల్లగా నడచువాఁడు దానియందుఁ దన యడుగునకుఁ దగిన నేలను జూచెను. పరుగెత్తువాఁడు తన పరుగునకుఁ దగిన బాటను జూచెను. ఆలంకారికులు చెప్పు నియమ మొకటి యిచటఁ బూర్తిగా నన్వయించును. శబ్దశ్లేష పర్యాయపదమును సహింపదు. ఉన్న పదమును దీసి, దానికి సమానార్థకమని తోఁచు వేఱొకపదమును బెట్టినచో రెండర్థములలో నొకటి మరణించును.

కలకత్తా వాక్యమునకు విశాలార్థము చెప్పిన వ్యాఖ్య మనదేశమునకును వచ్చినది. 1907 ఏప్రిలులో బిపినచంద్ర పాలు ఆంధ్రదేశమునఁ బర్యటించి, విశాఖపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరము, బెజవాడ, మచిలీపట్టణము మొదలగు చోట్ల నుపన్యసించెను. ముట్నూరి కృష్ణారావు ఆతనివెంటఁ దిరిగెను. రాజమహేంద్రవరమునఁ జిలకమర్తి లక్ష్మీనరసింహము ఆ యుపన్యాసములను దెనిఁగించుటయు, నాఁ డాయన చెప్పిన పద్యము ప్రసిద్ధికెక్కుటయు సాహిత్యచరిత్రలోని విషయములే. ఆ పట్టణమున విద్యార్థులు వందేమాతర ముద్రలు ధరించి కళాశాలనుండి తొలఁగింపఁబడిరి. వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. వంగదేశమువారి యుద్యమము వంగదేశమున నాఁగలేదని చూపుటకు రాజమహేంద్రవరమే సాక్షి. కావున సూరతులో నుద్యమశబ్దము కదల్పఁబడినపుడు, అది పత్రముమీఁది యొక పదమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. ఆ పదమును నమ్మి చదువు పోఁగొట్టుకొనినవారికి సంబంధించిన మాట.

ఇఁక సూరతు. 1907 సభ మొదట నాగపురమున జరుగవలసియుండెను. అచటి స్థానికకలహముల కారణమున మితవాదుల పలుకుబడి యెక్కువగాఁ గల సూరతునకు మార్పఁబడెను. లజపతిరాయి యా సంవత్సరము మేనెలలో మాండలేకుఁ బ్రవాసమునకుఁ బంపఁబడి నవంబరులో విడుదల యయ్యెను. ఆతని నధ్యక్షుని జేయవలయునని యతివాదులు కోరిరి, ఆతఁ డంగీకరింపలేదు. రాసవిహారి ఘోషు అధ్యక్షుఁడుగా నిర్ణయింపఁబడెను. ఐనను తిలకు వర్గమునకుఁ బ్రధానశంక యధ్యక్షుని గూర్చినది కాదు. కలకత్తా తీర్మానములు నాలుగును యథాతథముగా నిలుచునా, సడలింపఁబడునా యనునదియే వారి శంక. ఆ చిత్తుప్రతి తిలకు చేతికి డిసెంబరు 26 వ తేదిని సభ కూడు సమయమునకు వచ్చెను.

అందుఁ దిలకు వర్గము చూపిన పాఠభేదములలో ముఖ్యమైనవి రెండు. మొదటిది స్వదేశి తీర్మానమున నున్నది. కొంత నష్టమునకైన నోర్చి దేశీయవస్తువులనే కొనవలయునని కలకత్తా పాఠము. సూరతు ప్రతిలో ఆ నష్టమును దెలుపు పదములు లేవు. రెండవది బహిష్కార తీర్మానమున నున్నది. కలకత్తా పాఠమున బహిష్కారోద్యమ మని యుండఁగా, సూరతు ప్రతిలో విదేశవస్తువుల బహిష్కార మని యుండెను. జాతీయవిద్య, స్వపరిపాలన తీర్మానములందును మార్పులు గలవని వారు ఆక్షేపించిరి. గోఖలే దీనికి సమాధానము చెప్పెను. స్వదేశి తీర్మానమున లోపము బుద్ధిపూర్వకమైనది కాదనియు, బహిష్కార తీర్మానమునఁ బూర్వవాక్యము సందిగ్ధముగా నుండుటచే దానిని స్పష్టపఱచుటయే యుద్దేశ మనియు నాతని వాదము.

ఈ రెండు సమాధానములను వేర్వేఱుగాఁ దూఁచవలయును. మొదటిది లేఖకదోషమను వాదము. గోఖలే సత్యసంధతను శంకించుటకుఁ గారణము గనఁబడదు గాన దాని నంగీకరింపవచ్చును. కాని యేది జాఱిపోయెనో చూడుఁడు. నష్టమునకోర్చు టనునది యా తీర్మానమునకుఁ బ్రాణము. అది లేనిచో దేశీయవస్తువు చవుకయైనపుడు కొనుఁడని వర్తకుఁ డెవఁడైనఁ జెప్పఁగలఁడు. లేఖకదోషమే యైనను, ముందుగాఁ బ్రతిని బంచిపెట్టినచో రెండు దినములలో దిద్దుబా టగునది. రెండవ సమాధానము మఱింత విచారణీయము. సందేహమును దీర్చుట వ్యాఖ్యాత ధర్మము, నిజమే. కాని కలకత్తాలో నా సందేహమే సభ నొక్కటిగా నిలిపినది. దానిని దీర్చుట యనఁగా రెండర్థములలో నొకదానిని సభ చర్చింపకయే తీసివేయుట. రాఘవపాండవీయమును బరిష్కరించువాఁడు శ్లేషపదమును దీసి రామకథకు మాత్రమే చెల్లు పదమును బెట్టి, అర్థము సుగమ మయ్యెనన్నచో మన మొప్పుకొందుమా?

ఇంతమాత్రమున నతివాదులు నిర్దోషులు గారు. తిలకు సభను వాయిదా వేయవలయునని ప్రతిపాదించుచు ఆహ్వానసంఘాధ్యక్షుఁడు త్రిభువనదాసు మాళవికి 27 వ తేదిని జీటి పంపెను; దానికి సమాధానము రాలేదు. అతఁడు వేదిక నెక్కి మాటాడఁబూనెను. ఇంతవఱకు న్యాయమున్నది. కాని ముందుదినముననే సురేంద్రనాథ బెనర్జీ వంటి ప్రముఖవక్త మాటలు వినఁబడకుండ నఱచినది తిలకును గొలుచువారే. తానుగాక యన్యులు మాటాడుట కవకాశ మీయని పక్షము తన నాయకునకు మాటాడు నవకాశ మీయలేదని నిందించుట పూర్తిగాఁ జెల్లదు. సూరతులో నతివాదుల సమావేశమున కధ్యక్షుఁడుగా నుండిన యరవిందుఁడు, కాంగ్రెసును భగ్నము చేయు నాజ్ఞ తిలకుతో సంప్రదింపకయే తా నిచ్చితినని పిమ్మట వ్రాసెను. దీనినిబట్టి యొక విషయము తేటపడును. దూకుడును గోరు పక్షము తన నాయకుని యదుపున నుండునను నిశ్చయము లేదు. తిలకు 28 వ తేదిని, కలకత్తా తీర్మానములు నిలుచునేని యధ్యక్షుని యెన్నికపై దన యభ్యంతరమును వదలుకొందునని వ్రాసి యిచ్చెను. ఆ మాట రెండుదినములు ముందు వచ్చి, అవతలివారి ప్రతియు రెండుదినములు ముందు వచ్చియుండినచోఁ జరిత్ర వేఱుగా నుండెడిదేమో.

మితవాదులు తరువాతఁ జేసినపని నా సిద్ధాంతమునకు వ్యతిరేకోదాహరణముగా నక్కఱకు వచ్చును. 1908 ఏప్రిలులో నలహాబాదునఁ గూడి వారు కాంగ్రెసునకు నిబంధనావళి నేర్పఱచిరి. సామ్రాజ్యములోని స్వపరిపాలనమే గమ్యము, శాసనబద్ధమైన మార్గమే సాధనము, ప్రతినిధి యగువాఁ డీ యంశమునకు లిఖితపూర్వకముగా సమ్మతింపవలయును. ఆ యేఁటి డిసెంబరులో మదరాసున రాసవిహారి ఘోషు అధ్యక్షతను జరిగిన సభ యీ నియమముల ననుసరించినదే. ఇది శ్లేష లేని, ఏకార్థమైన వాక్యము. తత్ఫలముగా సభలోఁ గలహము నశించెను. దానితోఁ బాటు సభకు జీవమును దగ్గెను. తిలకు 1908 జూలైలో ఆఱేండ్ల శిక్షపై మాండలేకుఁ బోయెను. మితవాదులకు 1909 నాఁటి సంస్కారములు లభించెను. వానితోఁబాటు ప్రత్యేకనియోజకవర్గములును వచ్చెను. త్వరపడువారిని జెఱసాలలోఁ బెట్టుటయు, నిదానించువారికిఁ గొంచెము పెట్టుటయుఁ బ్రభుత్వమునకు సులువయ్యెను. ఒక్కొక్క పక్షము రెండవదాని బలముచేతనే తన బేరమును నడపుకొనుచుండెనని విడిపోయిన పిమ్మటఁ గాని తెలియరాలేదు. 1915 లో గోఖలేయు మెహతాయుఁ బరలోకగతులైరి. ఆ సంవత్సరము బొంబాయి సభలో నియమములు సడలింపఁబడఁగా, 1916 లో లక్నోనగరమునఁ దిలకు వర్గము మరలఁ బ్రవేశించెను. తొమ్మిదేం డ్లట్లు గడచెను.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. రెండర్థముల వాక్యము రాజకీయమున వంచన కాదా? సూటిగాఁ జెప్పలేనివాఁడు శ్లేష నాశ్రయించును గదా? ఆక్షేపము బలమైనదే. వినువానికిఁ దెలియకుండ రెండర్థములు పెట్టుట వంచన. ద్వ్యర్థికావ్యమునందో, రెండర్థములు గలవని కవి పీఠికయందే చెప్పును. పాఠకుఁడు రెంటిని జూచియే యానందించును. కలకత్తాలోను నట్లే జరిగినది. పాలు తన యర్థమును బహిరంగముగాఁ జెప్పెను. మాలవీయ బహిరంగముగా ఖండించెను. దాఁపఱికము లేదు. కాని యిట్టి వాక్యము శాశ్వతముగా నిలుచునని నేను జెప్పను. 1918 లో మాంటేగు చెమ్సుఫర్డు సంస్కారములను స్వీకరింపవలయునా యను ప్రశ్న వచ్చినపుడు రెండర్థముల వాక్యమునకుఁ దావు లేకపోయెను. మితవాదులు తమంతఁ దామే తొలఁగి యా నవంబరులో వేఱుసభ చేసికొనిరి. ఔను, కాదు అని చెప్పితీరవలసిన ఘట్టమున శ్లేష పనికిరాదు. అంతకు ముందు ఘట్టములందు అది కాలమును సంపాదించి యిచ్చును. ఆ కాలమున నొకపక్ష మనుభవమువలన మాఱవచ్చును.

ఈ పాఠమును దరువాతివారు గ్రహించిరనుటకు మన కాకినాడయే నిదర్శనము. 1922 డిసెంబరులో గయాసభ యధ్యక్షుఁడు చిత్తరంజన దాసు శాసనసభలఁ బ్రవేశింపవలె ననెను, సభ యంగీకరింపలేదు. ఆతఁడును మోతీలాల్ నెహ్రూయు 1923 జనవరి 1 వ తేదిని స్వరాజ్యపక్షమును గాంగ్రెసులోపలనే స్థాపించిరి. మార్పు కోరువారు, మార్పు వలదనువారు అని నాఁ డేర్పడిన నామములును దారితప్పించునవే. మార్పు వలదనువారు సంపూర్ణ సహాయనిరాకరణమునకుఁ గట్టుపడినవారు. మార్పు కోరువారు శాసనసభలో దిగి లోపలినుండి యడ్డగింపఁదలఁచినవారు. ఎవరు మెల్లనివారు, ఎవరు దూకుడువారు? నామము చెప్పదు. 1923 సెప్టెంబరున ఢిల్లీ ప్రత్యేకసభ, మతముచేఁగాని మనస్సాక్షిచేఁగాని యభ్యంతరము లేనివారు శాసనసభల కభ్యర్థులు గావచ్చునని యనుమతించెను. ఆ డిసెంబరులో మౌలానా మహమ్మదాలి యధ్యక్షతను గాకినాడయందుఁ గూడిన మహాసభ, ఢిల్లీ యనుమతిని ద్రోయకయే, బహిష్కార సిద్ధాంతము మాఱలేదని మరల నుద్ఘాటించెను. తార్కికుఁడు దీనిలో విరోధమును జూపఁగలఁడు. కాని యుభయులును ముందుగాఁ జదివి, చర్చించి, తెలిసి యొప్పుకొనిన వాక్యము గాన సూరతునాఁటి గతి పట్టలేదు. 1924 లో గాంధీ దాసులకు నొడంబడిక కుదిరెను. 1925 లోఁ గాన్పూరు సభ శాసనసభాకార్యమును గాంగ్రెసు కార్యముగనే స్వీకరించెను. సూరతు చీలిక తొమ్మిదేండ్లకుఁ గలిసినది. గయావివాదము మూఁడేండ్లలోఁ దీరినది. కాలముల పరిస్థితులు వేఱు, నాయకులు వేఱు. ఐనను వాక్యమును బట్టి పాటించిన మర్యాదయు నొక హేతువే.

తేలినసారము సంగ్రహముగాఁ జెప్పెదను. మెల్లనివాఁడు సంస్థను బీఱికివానిగాఁ జేయుననుటయు, దూకుడువాఁడు దానిని జెఱచుననుటయు నర్ధసత్యములు. మెల్లనివానికిఁ గల దోష మేమనఁగా, తాను సంస్థకుఁ బెద్దనని తలఁచి వాక్యమును దనయింట దిద్దుకొనుట. దూకుడువానికిఁ గల దోష మేమనఁగా, సత్యము తనయందున్నదని తలఁచి యితరుల మాట వినఁబడనీయకుండుట. మొదటిదోషము నిశ్శబ్దముగా జరుగును గాన చరిత్రలోఁ దక్కువగాఁ గనఁబడును. రెండవదానికిఁ జప్పుడు గలదు గాన యెక్కువగాఁ గనఁబడును. సూరతునఁ జప్పుడు చేసిన చెప్పు నెల్లరును జూచిరి. చప్పుడు చేయక జాఱిపోయిన పదములను జూపుట సాహిత్యవేత్తల పని. మన పాఠశాలలలోఁ జరిత్రమును బోధించు నుపాధ్యాయులు కలకత్తా తీర్మానములను సూరతు చిత్తుప్రతిని ప్రక్కప్రక్కనఁ బెట్టి బాలురచేఁ జదివింతురేని, పదమొక్కటి యేమి చేయఁగలదో వ్యాకరణపాఠమున కంటె బాగుగా వారికి బోధపడును.